రీలులోకి పోయిన సిందూరం

ఇట్లా దగ్గరికి జరగండి. చాప మీద ఇంకా చోటుంది, చాయ్ పొయ్యి మీదే ఉంది. నా గొంతు మధ్యలో పెద్దగా లేస్తే మీ మీద అనుకోకండి. ఆ కోపం కరీంనగర్‌లో ఒక దుకాణందారు మీద, మా తమ్ముడి మీద. చెబితే తగ్గుతుందేమోనని చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువైంది.

మా పుట్టింటి వాళ్లు నేతపనివాళ్లు. కరెంటు మగ్గాలను మా వైపు సాంచాలంటారు. ఆ సాంచాల చప్పుడులోనే మేము పెరిగాం. నన్ను మంథని దగ్గర వరి పండించుకునే ఇంటికి ఇచ్చారు. తమ్ముడు సాంచా కూలి గిట్టక మస్కట్ పోయాడు. అప్పటి నుంచి మా అవ్వ, అంటే అమ్మ, నా దగ్గరే ఉంటోంది. అక్కడ ఎండలో రోడ్డుకు తారు పోసే పని. శుక్రవారం సెలవు దొరికితే పడుకోవచ్చు కదా, పడుకోడు. ఒక అర్బాబు పడవ మీద నీళ్ల డబ్బాలు మోయడానికి వెళ్లేవాడు. అర్బాబంటే అక్కడ యజమాని. ఆ పడవలో తెల్లవాళ్లు సముద్రం మీదికి చేపల వేటకు పోతారు.

వాళ్ల వేట మన వేట కాదు. ఎర్ర ఉండదు, పిండి ముద్ద ఉండదు. కొక్కేనికి రంగు ఈకలు, మెరుపు దారం కట్టి పురుగులాగా తయారుచేస్తారు. లావుపాటి దారాన్ని తల మీద అటూ ఇటూ ఊపి, కొరడా విసిరినట్టు విసురుతారు. ఆ ఈక నీళ్ల మీద మెల్లగా వాలాలి. పడిన చేపను ఫొటో తీసి, కొక్కెం మెల్లగా ఊడదీసి, మళ్లీ నీళ్లలో వదిలేస్తారు.

తమ్ముడు సెలవుకు వచ్చి ఇది చెబితే మా ఇంటాయన అన్నం ముందు కూర్చుని నవ్వీ నవ్వీ పొలమారాడు. “పట్టి మళ్ల ఇడుస్తరా? ఏందయ్యా బామ్మర్ది, మీ అక్క పులుసుకు మసాలా నూరినంక గా ముచ్చట చెప్పకు!”

“నవ్వకు బావా. గా ఇడిసేటోళ్లే నాకు బువ్వ పెట్టాలె,” అన్నాడు తమ్ముడు.

నిజంగానే అతని బతుకు దాని మీదే నిలబడింది. చూసి చూసి విసరడం కొంచెం నేర్చుకున్నాడు. ఒక తెల్ల ముసలాయన మెచ్చి తన గాలం కర్రను ఇతనికి ఇచ్చేసి పోయాడు. కర్రకు కట్టుకునే రీలు, అదే దారం చుట్టే చక్రం, మాత్రం ఇవ్వలేదు. అర్బాబు అన్నాడట, సెలవు నుంచి వచ్చేటప్పుడు నీ సొంత రీలు తెచ్చుకో, విసరడం బాగా నేర్చుకొని రా, పడవ మీద పనికి పెట్టుకుంటా. లేకుంటే మళ్లీ తారు పనికే పో.

అక్కడి దుకాణాల్లో రీళ్ల ధరలు చెయ్యి పెట్టేటట్టు లేవు. అంతకుముందు చవకగా దొరికిందని ఒకటి కొంటే సముద్రం దాన్ని తినేసింది. గుడ్డలో చుట్టి తెచ్చి చూపించాడు. పిడి తిరగదు, ఒళ్లంతా తెల్లటి పొడి.

“సున్నం డబ్బి లెక్కున్నది గదరా,” అన్నది మా అవ్వ.

“ఉప్పు నీళ్లు అట్లనే చేస్తయి అవ్వా. మంచినీళ్ల రీళ్లు వేరే ఉంటయి, సముద్రం రీళ్లు వేరే ఉంటయి. నాకు రెండు కొనే తాకత్ లేదు. ఇక్కడ గోదావరిల నేర్చుకోవాలె, అక్కడ సముద్రంల పనిచేయాలె. రెండింటికీ ఒక్కటే కావాలె.”

అందుకని అవ్వ, తమ్ముడు, నేను ముగ్గురం కరీంనగర్ పోయాం. డ్యామ్ వైపు పోయే దారిలో వలలు, గాలాలు అమ్మే ఒక దుకాణం ఉంది. నా చదువు చిన్నబడిలోనే ఆగిపోయింది. కానీ విన్న మాట విన్నట్టు ఉండిపోతుంది, అది నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న రోగం. ఆ రోజు తమ్ముడు ఏం అడిగాడో, దుకాణందారు ఏం చెప్పాడో ఇప్పుడు ఇక్కడ అప్పజెప్పమన్నా అప్పజెబుతా.

తమ్ముడు అడిగింది ఇది. “పెద్ద చేప గుంజితే దారం ఒక్కసారి ఉరకకుండ మెల్లమెల్లగ ఇడిసే బ్రేకుండాలె. గా బ్రేకుల ఉప్పునీళ్లు పోవద్దు. లావు దారం కింద ఇంకా సన్న దారం మస్తు చుట్టేంత జాగుండాలె. ధర జర మా అసొంటోళ్లకు అందాలె.”

దుకాణందారు మెడలో గొలుసు సవరించుకుంటూ అద్దాల బీరువాలోంచి బంగారు రంగు రీలు ఒకటి తీశాడు. పెళ్లికూతురి వంకీలాగా మెరిసిపోతోంది. “తమ్మీ, దీన్ని కట్టుకొని సముద్రంల ఈతకొట్టు. సుక్క నీళ్లు లోపలికి పోతే నన్నడుగు. ఇంతకన్నా తక్కువల సముద్రానికి పనికొచ్చేది నా దగ్గర లేదు.” ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి.

తమ్ముడు జేబు తడుముకున్నాడు, నా మొహం చూశాడు, కొనేశాడు.

అక్కడి నుంచి అవ్వ పట్టుబట్టి కొండగట్టు అంజన్న గుడికి తీసుకుపోయింది. అందులో వింత ఏముంది? మా ఇంట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా బొట్టు పెట్టకుండా వాడము. సాంచాకు పెడతాం, కుట్టు మిషనుకు పెడతాం, మా ఇంటాయన పంపుసెట్టుకు పెడతాడు. కొడుక్కు కూడు పెట్టబోయే వస్తువు అది. అంజన్న పాదాల దగ్గర పెట్టించి, నూనెలో కలిపిన సిందూరం బొటనవేలితో దానికి దండిగా అద్దింది. మధ్యలో ఒకటి, పిడికి ఒకటి, వెనకాల ఒకటి. తమ్ముడు పక్కనే నిలబడి దండం పెట్టాడు. పెట్టలేదని అనమనండి నా ముందు!

తెల్లారి పొద్దున అందరం గోదావరి రేవుకు పోయాం. తమ్ముడు మోకాళ్ల లోతు దిగి విసరడం మొదలుపెట్టాడు. మొదట్లో ఈక పోయి తుమ్మ కొమ్మకు పట్టుకుంది. మా ఇంటాయన, “చెట్టు మీది చేపలు మస్తు బలుస్తయి,” అన్నాడు. పోను పోను దారం గాలిలో విప్పుకుంటూ పోవడం చూస్తే నాకే ముచ్చటేసింది. ఒక విసురుకు నీళ్లు భళ్లున పగిలాయి. పెద్ద వాలుగ. మూతి నిండా పళ్లుండే చేప అది, పట్టిందంటే వదలదు.

దారం ఉరికింది. బ్రేకు పట్టాలి కదా, పట్టలేదు. తమ్ముడు బిగించాడు, ఇంకా బిగించాడు. రీలు గిర్రున తన ఇష్టానికి తిరిగి దారమంతా పొంగి చిక్కుపడింది. ఫట్టుమని తెగింది. వాలుగ పోయింది, ఈక పోయింది.

గట్టు మీదికి వచ్చి రీలు విప్పి చూస్తే బ్రేకు బిళ్లల మధ్య సిందూరం. నూనె నూనెగా, నారింజ రంగు. తమ్ముడు వేలితో తీసి అవ్వ మొహానికి దగ్గరగా పెట్టాడు.

“చూడు నీ భక్తి! బ్రేకు జారుతుంది. నా బతుకు మీద నూనె పోసినవ్ గదనే!”

అవ్వ చీర కొంగుతో అతని వేలు తుడవబోయింది. వాడు చెయ్యి విదిలించుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు చెబుతున్నా మండుతోంది. ఆమె బీడీలు చుట్టీ చుట్టీ వేళ్లు అరగదీసుకొని పెంచిన మనిషి వీడు. “నోర్మూయ్,” అన్నాను. “నువ్వు దండం పెట్టలేదారా? గప్పుడు నీ నోరేమైంది?” మా ఇంటాయన మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డాడు. అవ్వ అప్పటికే ఇంటి దారి పట్టింది.

ఆ పూట బియ్యం కడుగుతూ ఉంటే దుకాణందారు మాట మళ్లీ చెవిలో వినబడింది. సుక్క నీళ్లు లోపలికి పోతే నన్నడుగు. చేతిలో గిన్నె చేతిలోనే ఆగిపోయింది. నీళ్లు పోనిచోటికి సిందూరం ఎట్లా పోయింది? బొటనవేలితో అద్దింది పోయి లోపల కూర్చుంటే, సముద్రం ఊరుకుంటుందా? మా అవ్వ ఆ బొట్టు పెట్టకపోయి ఉంటే వీడు ఈ మెరుపును పట్టుకొని మస్కట్ పోయేవాడు. పడవ మీద, అర్బాబు కళ్ల ముందు, అది సున్నం డబ్బీ అయి ఉండేది.

మరునాడు మళ్లీ కరీంనగర్. అవ్వ రానంటే రానన్నది. నేనే లాక్కుపోయాను.

దుకాణందారు రీలు చూసి పకపకా నవ్వాడు. “ఏందమ్మా, దీనికి జాతర చేసిన్రా? నూనె పోసినంక వాపస్ నడవది. గీ ముసలమ్మ చేసిందానికి నేనేం జేస్త?”

అవ్వ తల దించుకుంది. తమ్ముడు కూడా తల దించుకొని, “ఇంకోటి చూపియ్యన్నా,” అన్నాడు. తప్పంతా అవ్వదేనని ఒప్పేసుకున్నాడన్నమాట! అప్పుడు లేచింది నా గొంతు.

“సముద్రంల ఈతకొట్టు, సుక్క నీళ్లు పోవు అన్నవా లేదా?”

“అన్న. అయితే?”

“మరి మా అవ్వ పెట్టిన సిందూరం ఏ దర్వాజల నుంచి పోయింది?”

వల బేరం చేస్తున్న ఒకాయన కిసుక్కున నవ్వాడు. దుకాణందారు మొహం మాడింది. “నూనె వేరు, నీళ్లు వేరమ్మా. నీకు తెల్వది.”

“తెల్వదు. తెలుసుకుంటందుకే వచ్చిన. బకెట్ తీస్కరా. ఉప్పు, కుంకుమ నేను కలుపుత. గా బీరువాల ఉన్న ఇంకో బంగారపుదాన్ని ముంచు.”

“ఏయ్, దాన్ని ముట్టకు!” అని బీరువాకు అడ్డం నిలబడ్డాడు.

“ముట్టొద్దన్నడంటే తెలిసిపాయె,” అన్నాడు వల ఆయన. “జర మంచిది చూపియ్యన్నా, ఊకె పరేషాన్ జేయకు.”

పై అరలోంచి దుమ్ము పట్టిన డబ్బా ఒకటి దిగింది. అందులో రీలు పాత పెనం రంగులో ఉంది, కొంచెం బరువు. తమ్ముడు విప్పి చూశాడు. బ్రేకు ఒక గుండ్రటి గూటిలో మూసి ఉంది, ఇరుసు చుట్టూ రబ్బరు పట్టీ. వెనకవైపు కనబడని చోట గోరుతో గీకాడు. పై పూత కాదు, రంగు లోహానికే పట్టి ఉంది. దారానికి జాగా కూడా చాలినంత ఉంది. ఉప్పు కుంకుమ నీళ్లలో ముంచి, మేము చాయ్ తాగేదాకా పిడి తిప్పుతూనే ఉన్నాడు. తుడిచి మళ్లీ విప్పాడు. గూడు లోపల ఎర్ర చుక్క లేదు, తడి లేదు.

ధర అడిగితే దుకాణందారు నసిగాడు. ఆ బంగారపుదాని కన్నా తక్కువ! వింటున్నారా? మా అసొంటోళ్లకు అందాలె అని నోరు తెరిచి అడిగినవాడికి అందేదాన్ని పై అరలో పెట్టి, అందనిదాన్ని అంటగట్టాడు. పైగా మా అవ్వను నలుగురిలో నవ్వులపాలు చేశాడు. బంగారపుదాన్ని వెనక్కి తీసుకున్నాడు కానీ తేడా డబ్బు చేతికి ఇవ్వలేదు, దానికి బదులు సన్న దారం కట్టిచ్చాడు. “ఏమనుకోకమ్మా” అన్న మాట కూడా అవ్వకు చెప్పలేదు. ఇప్పటికీ ఆ దారిలో బస్సు పోతుంటే నేను ఆ దుకాణం వైపు మొహం తిప్పను.

సరే, వాడు పరాయివాడు. మరి కడుపున పుట్టినవాడు? తిరుగు బస్సులో తమ్ముడు రీలును ఒళ్లో పెట్టుకొని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తప్పయిందని ఒక్క మాట లేదు. మిగిలిన సెలవంతా రోజూ గోదావరికి పోయాడు. వాలుగలు పట్టాడు, వదిలాడు. చెట్టు కొమ్మల జోలికి పోవడం మానాడు. ఇంటికి రాగానే రీలును మంచినీళ్లతో కడిగి, బ్రేకు వదులు చేసి, నీడలో ఆరబెట్టేవాడు. పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకున్నాడు దాన్ని.

పోయే రోజు గడప దగ్గర సామాను పెట్టాం. ఎప్పుడూ అవ్వ ఒక్కో సంచికీ బొట్టు పెట్టి పంపుతుంది. ఆ రోజు సంచులకు పెట్టింది, వాడి నుదుటికి పెట్టింది. రీలు డబ్బా దగ్గరికి వచ్చి చేతులు వెనక్కి తీసుకుంది.

“నాయి నూనె చేతులు బిడ్డా. నేను ముట్ట.”

వాడు డబ్బాను సంచిలో పెట్టేశాడు. బయట ఆటో ఆయన హారన్ కొడుతున్నాడు. నేను ఆగలేకపోయాను.

“చేపకైతే నొప్పి కాకుండ కొక్కెం ఊడదీసి నీళ్లల్ల ఇడుస్తవ్. మీ అవ్వకు గుచ్చిన కొక్కెం ఎవరు తీయాలెరా?”

వాడు ఆటో ఎక్కి పోయాడు. పోయేవాడిని తిట్టి పంపావే అని అందరూ నన్ను అన్నారు. అననీయండి.

కొన్నాళ్లకు ఒక శుక్రవారం ఫోను మోగింది. బొమ్మ కనిపించే కొత్త ఫోను, నీళ్లలో పడ్డా ఏం కాదని చెప్పి అమ్మారు నాకు. తమ్ముడు పడవ మీద ఉన్నాడు, వెనక నీలంగా సముద్రం. అర్బాబు అతన్ని పనికి పెట్టుకున్నాడు. పొద్దున ఒక పెద్ద చేప దారాన్ని ఎంతో దూరం గుంజుకుపోయిందట, బ్రేకు ఎక్కడా జారలేదట. పెనం రంగు రీలును ఫోనుకు దగ్గరగా పెట్టి చూపించాడు, దాని మీద ఇంకా సముద్రపు నీళ్లు కారుతున్నాయి.

“మంచిదే. మళ్ల కడుగు,” అన్నాను. నా కోపం నాది.

“అవ్వేదక్కా?”

అవ్వ పక్కనే బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు.

“అవ్వా,” అన్నాడు వాడు. గాలికి మాట చిరుగుతోంది. “దీనికి బొట్టు లేదే. అన్ని సంచులకు పెట్టినవ్, దీనికి పెట్టలే. బోడిగున్నది. జర పెట్టవా?”

“సముద్రమవతల ఉన్నవ్. ఎట్ల పెట్టాలెరా?”

“ఫోనుకు పెట్టు.”

అవ్వ చేట పక్కకు పెట్టింది. దేవుని గూట్లోంచి కొండగట్టు సిందూరం తెచ్చింది. నూనె చుక్క వేసి రంగరించింది. ఫోనులో రీలు ఎక్కడ కనబడుతోందో చూసి, బొటనవేలితో దండిగా అద్దింది. రీలు మాయమైంది, వాడి సగం మొహం కూడా నారింజ రంగులో పోయింది.

“అయ్యో నా ఫోను!” అని అరిచాను.

“ఊకో,” అన్నది అవ్వ. “నీళ్లు పోవని అమ్మినోడు చెప్పిండన్నవ్ గదా? చూద్దాం.”

సిందూరం అవతల నుంచి వాడు నవ్వడం వినబడింది. ఆ తర్వాత ముక్కు చీదుకోవడం కూడా వినబడింది. తప్పయిందన్న మాట ఇప్పటికీ వాడి నోట రాలేదు. అవ్వకు అక్కర లేదట. నాకు కావాలి. వచ్చే సెలవుకు వస్తాడుగా, గడప దగ్గరే ఆపి అడుగుతాను.

చాయ్ చల్లారిపోయింది, తాగేయండి. మీ ఇంట్లో బొట్టు పెట్టే చెయ్యి చల్లగా ఉండాలి. ఆ చేతిని విదిలించుకునే బిడ్డ మీ గడపలో పుట్టకూడదు. దూరం పోయిన మీవాళ్ల దారం తెగకుండా, ఎంత లోతు నీళ్ల నుంచైనా మీ ఇంటికే చుట్టుకొని రావాలి.