గోవిందు మామ అడిగిన తీరు

మొన్న గుడియాత్తం నుంచి వేలూరుకు వస్తుంటే, బస్సులో ముందు సీటావిడ కమలాపండు ఒలిచింది. ఆ తొక్క వాసన తగలగానే నా పళ్లు బిగుసుకున్నాయి. ఆవిడ మీద నాకు కోపం లేదు, పండు మీదా లేదు. కాలేజీలో మనస్తత్వశాస్త్రం మొదటి పాఠాల్లోనే దీన్ని చదువుకున్నాం. సంబంధం లేని రెండు విషయాలు మళ్లీ మళ్లీ జంటగా ఎదురైతే, ఆ తర్వాత ఒకటి తగిలినా చాలు, రెండోదానికి జరగాల్సిందంతా ఒంట్లో జరిగిపోతుంది. ఆ పాఠం నాకు పుస్తకం కంటే ముందే గోవిందు మామ నేర్పాడు.

మామ అంటే చుట్టం కాదు. మా వీధి చివర ఉండే మేస్త్రీ. మా నాయన లాంటి తాపీ పనివాళ్లను పోగుచేసి రోజూ వేలూరుకు తీసుకుపోయేవాడు. మంచివాడని పేరు. నిజంగా మంచివాడిలాగే ఉండేవాడు, నాకు మంట కూడా అందుకే. గోడ పదిసార్లు నిట్టనిలువుగా లేచినా పలికేవాడు కాదు. ఏ పదకొండోసారో భుజం తట్టి, "నీ చెయ్యి బంగారమప్పా" అనేవాడు. ఆ మాట ఎప్పుడు పడుతుందో తెలియక మనుషులు ఎండలో ఒళ్లు దాచుకోకుండా పని చేసేవారు. ఎప్పుడు దొరుకుతుందో తెలియని మెప్పే మనిషిని గట్టిగా కట్టేస్తుందని క్లాసులో విన్నప్పుడు, నోట్సులో ఉదాహరణగా ఆయన పేరు రాసి, కొట్టేశాను.

సిగ్గుపడి తలుపు చాటున నిలబడే నన్ను మాటల్లోకి లాగేది కూడా ఆయనొక్కడే. "ఏమ్మా, నోట్లో ముత్యాలు పెట్టుకోనుండావా? పలికితే రాలిపోతాయా?" అనేవాడు. సిమెంటు అంగడివాళ్లిచ్చే డైరీ ఏటా నాకే తెచ్చేవాడు. మాది తమిళనాడు, బడిలో తమిళమే. మా ఇళ్లలో అందరూ తెలుగు మాట్లాడతారు, చదివేవాళ్లు లేరు. నేను పాత పుస్తకాలు ముందేసుకుని అక్షరాలు పట్టుకుని, ఆ డైరీల్లో రాసేదాన్ని.

నేను ప్లస్ టూ చదివే ఏడు నాయన రెండో అంతస్తు పరంజా మీద నుంచి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఆస్పత్రిలో కళ్లు తెరవగానే నా చెయ్యి పట్టుకుని, "కట్టె ఇరిగినాదమ్మా. చెద పట్టిన కట్టె. వద్దని పొద్దన్నే మేస్త్రీకి చెప్పినా" అన్నాడు. అక్కడే బెంచీ మీద కూర్చుని ఆ మాటలు డైరీలో ఉన్నవున్నట్టు రాసుకున్నాను.

ఇంటికి తెచ్చాక మామ ప్రతి సాయంత్రం కమలాపండ్లతో వచ్చేవాడు. గింజలు తీసి తొనలు నాయన నోటికి అందించేవాడు.

"ఆ పొద్దు మంచు పడినాది కదన్నా? కట్టె తడిగా ఉణ్ణింది కదా?"

"ఉంటాది మేస్త్రీ."

మర్నాడు ఇంకో ప్రశ్న. "తడి కట్టె మింద నీ కాలు ఎంత దూరం జారినాదన్నా?"

జారిందా అని అడగలేదు. ఎంత దూరం అని అడిగాడు.

"జానెడేమో. గ్యాపకం లేదు."

"పావం, నీకెట్ల గ్యాపకముంటాది? నేను చూసినా కదా. జానెడే."

వారం తిరిగేసరికి నాయన ఆ జారుడు చేత్తో చూపించి చెప్పసాగాడు. చెప్పు తెగిన చప్పుడు కూడా అందులో చేరింది. ఇంజనీరు విచారించడానికి వస్తే, "నా తప్పే సార్. మేస్త్రీ దేవుడు" అని దండం పెట్టాడు. నేను తలుపు చాటున అంతా విన్నాను. నోరు విప్పలేదు. మిగిలిన ఆ చెద వాసాలనే కే.వి.కుప్పం ఊళ్లో ఇంకో ఇంటికి కట్టారు. కాలు కుదిరాక కూడా నాయన పరంజా ఎక్కలేదు. "నా కాలిని నేనే నమ్మలేనమ్మా" అని లుంగీల గోదాము ముందు కాపలా కూర్చున్నాడు.

మరుసటి ఏడు కాలేజీలో మేడం చెప్పారు: జ్ఞాపకం పెట్టెలో దాచిన వస్తువు కాదు, తలుచుకున్న ప్రతిసారీ మళ్లీ కట్టుకునేది, ఎదుటివాడు అడిగే ప్రశ్న కూడా అందులో చేరిపోతుంది. అందరూ రాసుకుంటున్నారు. నేను కలం పక్కన పెట్టేశాను. ఆ ఆదివారమే ఇంటికి పోయి డైరీ తీసి నాయనకు చదివి వినిపించాను.

"నేనా? అట్ల చెప్పినానా?"

"నా చెయ్యి పట్టుకోని చెప్పినావు నాయనా."

"లేదమ్మా. నువ్వు బయపడి తప్పు రాసుకోనుంటావు. చెప్పు తెగిన సద్దు నాకిప్పటికీ ఇనిపిస్తాది."

"పరంజా మీదికి చెప్పులేసుకోని ఎవురెక్కుతారు నాయనా? నువ్వు ఏ పొద్దయినా ఎక్కినావా?"

నాయన తన పాదాల వైపు చూసుకున్నాడు. ఆ ముఖంలో ఏదో కదిలింది. తర్వాత అదీ సర్దుకుంది.

"మేస్త్రీ చూసినాడు కదమ్మా. అబద్దం చెప్పేదానికి ఆయనకేం పనుండాది?"

గోవిందు మామ పోయిన ఏడు చనిపోయాడు. నాయన కర్ర పట్టుకుని పోయి పాడె పక్కన కూలబడి ఏడ్చాడు. నేను గడప దాటలేదు.

ఇప్పుడు వేలూరు ఆస్పత్రిలో, గాయాలతో వచ్చిన కూలివాళ్ల దగ్గర కూర్చుని జరిగింది రాసుకునే పని నాది. ఏం జరిగిందని ఒక్కసారే అడుగుతాను. వాళ్లు తడబడినా మాట అందించను. ఎంతసేపైనా ఆగుతాను. పక్కనున్న ఏ మేస్త్రీయో జాలిగా ముందుకు వంగి, "కాలు జారినాది కదప్పా?" అంటే మాత్రం, ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేని నా గొంతు ఆ వార్డు చివరిదాకా వినిపిస్తుంది.

"మీరు బయటికి పోండి. ఆయన్ని చెప్పనీండి."