మస్తాన్ గారి హోంవర్కు

ఇరవై ఏళ్లు దాటింది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు, ఆమెకు చెబితే మర్నాటికి మా వీధికి తెలుస్తుందని కాదు, ఆమె నావైపు ఎలా చూస్తుందో నాకు తెలుసు గనుక. మీరు నన్ను ఎప్పుడూ చూడలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

నా పేరు అడగకండి. చెబితే గుంటూరు కాలేజీ పిల్లలు కొందరు గుర్తుపడతారు. వాళ్లు నన్ను కమ్యూనికేషన్ సార్ అంటారు. ఆఫీసుల్లో ఇంగ్లీషు ఎలా రాయాలో, ఎలా మాట్లాడాలో చెప్పమని నన్ను పిలుస్తుంటారు. శాలువా కప్పుతారు, టీ ఇస్తారు. ప్రతిచోటా నేను ఒకే ఉత్తరం చదివి వినిపిస్తాను. వ్యాపారపు ఉత్తరమంటే ఇలా ఉండాలర్రా అంటాను. పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లే నన్ను నిద్ర పోనివ్వడం లేదు. ఆ ఉత్తరం నేను రాయలేదు.

తొంభైల చివరి మాట. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక చిన్న కంపెనీలో నేను గుమస్తాను. బి.కాం. పాసయ్యాను, ఇంగ్లీషు టైపు హయ్యర్ పాసయ్యాను. ఈ రెండూ ఉన్నవాడికి ఇక ఈ లోకంలో నేర్చుకోవలసిందేమీ లేదని మా అమ్మ అనుకునేది. నేనూ అలాగే అనుకునేవాణ్ని. కింద గోడౌన్‌లో సరుకు చూసే మనిషి మస్తాన్ వలి గారు. వినుకొండ వాస్తవ్యులు, నాకంటే పన్నెండేళ్లు పెద్ద, తెలుగు మీడియంలో పదో తరగతి. ఆయన పిడికెడు కాయలు తీసి చెవి దగ్గర పెట్టుకుని నలిపేవారు. గలగలమంటే ఎండినట్టు, మెత్తగా మూలిగితే తేమ ఉన్నట్టు. ఆయన లెక్క తప్పగా నేను చూడలేదు. ఏళ్ల తరబడి ఆ ఘాటులో పనిచేసి ఛాతీ పాడు చేసుకున్నారు. దగ్గు మొదలైతే పక్కవాళ్లు పని ఆపి చూసేవాళ్లు. గోడౌన్ మానెయ్యమని డాక్టరు చెప్పాడు. మానితే ఇల్లు గడిచేదెలాగో మాత్రం డాక్టరు చెప్పలేదు.

అలాంటప్పుడు మేడ మీద ఒక సీటు ఖాళీ అయింది. పరాయి దేశాల కొనుగోలుదార్లకు ఉత్తరాలు రాసే సీటు. ఫ్యాను కింద కుర్చీ, బల్ల మీద ఫ్యాక్స్ మిషను, దుమ్ము లేని గాలి. మా ఓనరు గారు మమ్మల్నిద్దర్నీ పిలిచారు.

"నీకు ఇంగ్లీషొచ్చు, కాయ తెలవదు. మస్తానుకి కాయ తెలుసు, ఇంగ్లీషు రాదు. ఒకళ్లకొకళ్లు నేర్పుకోండయ్యా. దసరాకి ఎవరు తయారైతే వాళ్లకి పైన సీటు."

ఆయన దృష్టిలో అది న్యాయమే. నా దృష్టిలో మాత్రం అది నా కొంప ముంచడమే. ఇంగ్లీషు మూడు నెలల్లో ఎంతో కొంత వస్తుంది. కాయ ముప్పై ఏళ్లకు గానీ రాదు. ఆయన నాకంటే ముందు తయారవుతారు, సందేహం లేదు. ఆ సీటు ఆయనకు ఊపిరి, నాకు కేవలం కుర్చీ. ఆ తేడా అప్పుడు నాకు తెలియదా? తెలుసు. తెలిసే చేశాను.

రోజూ పొద్దున్నే గంటసేపు ఆయన నాకు మిరపకాయ చెప్పేవారు. ఏమీ దాచుకోలేదు. తెల్లబారిన తాలుకాయను ఎర్రకాయల మధ్య ఎలా దాస్తారో, తడిసిన బస్తాను పైపైన ఎండబెట్టి ఎలా మోసం చేస్తారో, అన్నీ విప్పి చూపించారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను ఆయనకు ఇంగ్లీషు చెప్పేవాణ్ని. మొదటి రోజు నుంచే నన్ను మాస్టారూ అని పిలిచారు.

మాస్టారు చెప్పిన పాఠాలు వినండి. ఇంగ్లీషు ఉత్తరంలో విషయంలోకి ఉన్నపళంగా దిగితే మర్యాద కాదని చెప్పాను. మన పెద్దవాళ్లు కార్డు ముక్క మీదైనా ఉభయకుశలోపరి అని రాశాకే అసలు సంగతి ఎత్తుకుంటారు కదా, దొరలు అందులో మనకంటే పట్టింపు మనుషులని చెప్పాను. దొరగారి ఆరోగ్యం, ఆయన ఇల్లాలి ఆరోగ్యం, వాళ్ల ఊళ్లో వానలు, మన ఊళ్లో వానలు, ఇవన్నీ అయ్యాకే సరుకు ఊసు. సరుకు ఊసు వచ్చినప్పుడు ముందు దానిలోని లోపాలు చెప్పుకోవాలి, గొప్పలు తర్వాత. ఫోన్ మోగితే హలో అన్న వెంటనే భోంచేశారా అని అడగాలి. హావ్ యు టేకెన్ యువర్ మీల్స్ సర్ అని ఆయన చేత యాభైసార్లు అనిపించాను. ఆయన వినయంగా అన్నారు. నేను మేడెక్కి, తలుపు వేసుకుని, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వాను.

దసరా ముందు ఇంగ్లండు దొర ఒకాయన నుంచి ఫ్యాక్స్ వచ్చింది. మసాలా పొడుల కంపెనీకి కొనుగోళ్లు చూసే పెద్దమనిషి. కిందటిసారి సరుకులో తేమ ఉందని కోపం మీదున్నాడు. ఈసారి మీ దగ్గర ఏముందో రాయండి, చూస్తాను అన్నాడు. ఓనరు గారు మా ఇద్దర్నీ చెరో ఉత్తరం రాయమని, ఏది బాగుంటే అది పంపమని నాకే చెప్పి, నరసరావుపేటలో పెళ్లికి వెళ్లిపోయారు. దొంగ చేతికే తాళాలు.

నేను పుస్తకంలో చూసి, ఎక్కడా నలగని ఇస్త్రీ ఉత్తరం ఒకటి రాశాను. మస్తాన్ గారు రెండు పేజీలు రాశారు. అయ్యా, మేము క్షేమం. మీరు, అమ్మగారు క్షేమమని తలుస్తాను. ఏప్రిల్‌లో కాయ కల్లాల్లో ఎండుతుండగా వాన కొట్టింది. రైతులు పట్టాలు కప్పేలోపే కొంత తడిసింది. తడిసిన బస్తాలు నేను చేత్తో చూసి పక్కన పెట్టాను. అవి మీకు పంపమన్నా నేను పంపనివ్వను. మిగిలినవి మంచివి. మంచి కాయ మాట్లాడుతుంది, చెవి దగ్గర పెట్టుకుని వినండి. ఇప్పుడు కాలేజీల్లో నేను చదివి వినిపించేది ఈ ఉత్తరమే.

నేను ఆయనదే పంపాను. దొర మండిపడి, ఏ తెలివితక్కువవాడు రాశాడిది అని జవాబిస్తాడు, దాన్ని ఓనరు గారికి చూపించి మస్తాన్ గారి చేతిరాత కాగితం పక్కన పెడతాను, కథ ముగుస్తుంది. అదీ నా పథకం. స్పెల్లింగులు మాత్రం దిద్దాను. తప్పుడు పని చేసేటప్పుడు కూడా స్పెల్లింగు తప్పులు ఒప్పుకోని మనిషిని నేను. కింద కంపెనీ ముద్ర తప్ప ఎవరి పేరూ లేదు.

నాలుగో రోజుకి జవాబొచ్చింది. ఓనరు గారు పక్కనే నిలబడి, "ఏమన్నాడయ్యా, చదువు" అన్నారు. చదివాను. ఇన్నేళ్లుగా మిరపకాయలు కొంటున్నాను, నేను కనిపెట్టకముందే తన సరుకులో తప్పు చెప్పినవాణ్ని ఇప్పుడే చూస్తున్నాను. మంచివన్న బస్తాలన్నీ పంపండి. నా భార్య క్షేమమే గానీ మోకాలు బాధిస్తోంది, అడిగినందుకు ధన్యవాదాలు. ఇకమీదట ఈ ఉత్తరం రాసిన మనిషే నాకు రాయాలి.

"ఎవరిదయ్యా ఆ ఉత్తరం?"

ఇక్కడ నేను ఆగి ఉంటే మీకు చెప్పడానికి కథ ఉండేది కాదు. ఒక్క మాట. మస్తాన్ గారిదండి. నోటి దాకా వచ్చిందా? వచ్చిందని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. రాలేదు.

"నాదేనండి."

సాయంత్రం గోడౌన్‌లోకి దిగి, మీ ఉత్తరం పంపలేదు, నాదే పంపామని మస్తాన్ గారికి చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. "మన ఇంగ్లీషు దొరలకేం సరిపోద్ది లెండి మాస్టారూ. మీకు సీటొచ్చింది, అదే సంతోషం" అని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని మళ్లీ బస్తాల మధ్యకు వెళ్లిపోయారు.

నేను మేడ మీద ఫ్యాను కింద కూర్చున్నాను. కూర్చున్నాక గానీ తెలియలేదు, కుడితిలో పడ్డానని. దొరకు మళ్లీ రాయాలి. ఆ తీరులోనే రాయాలి. రెండు రోజులు కూర్చున్నాను. అమ్మగారి మోకాలు గురించి నా ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాస్తే అది బ్యాంకు నోటీసులా తయారైంది. మూడో రోజు కిందికి వెళ్లి, చదువు మధ్యలో ఆపకూడదు మస్తాన్ గారూ, సీటు పోయిందని పాఠం మానతారా అన్నాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నా మంచితనానికి.

అప్పటినుంచి వారానికొక హోంవర్కు. అనుకోండి, ఎక్కడో ఒక దొర ఉన్నాడు, ఆయన ఇల్లాలికి మోకాలు నొప్పి, ఆయనకి ఏమని రాస్తారు? మస్తాన్ గారు రెండు రోజులు ఆలోచించి రాసుకొచ్చేవారు. వావిలాకు వేసి కాచిన నీళ్లతో కాపడం పెట్టమనండి, మా అమ్మకి దానితోనే తగ్గింది. నేను దిద్ది, టైపు చేసి, పంపేసేవాణ్ని. ఆసారి సరుకుతో పాటు ఎండిన వావిలాకు పొట్లం కూడా ఒకటి పంపాను. అనుకోండి, ఆ దొర తోటలో గులాబీలకు పురుగు పట్టింది. అనుకోండి, ఆయన కూతురికి పెళ్లి కుదిరింది. లేని దొర గురించి ఇన్ని వివరాలు మీకెట్టా తడతాయి మాస్టారూ అని ఒకసారి ఆశ్చర్యపోయారు. పుస్తకంలో ఉన్నాయన్నాను. ప్రతి రంజానుకీ వాళ్లింటి నుంచి నాకు సేమ్యా వచ్చేది, గురువుకి. తిన్నాను. బాగుండేది, అదొక బాధ.

ఫ్యాక్స్ పోయి ఈమెయిల్ వచ్చింది. గుమస్తా పోయి ఎక్స్‌పోర్ట్ మేనేజర్ వచ్చాడు, అంటే నేనే. ఎక్కడ చూసినా సాఫ్ట్ స్కిల్స్ అనే మాట మొదలైంది, కాలేజీలు నన్ను పిలవడం మొదలుపెట్టాయి. ఆరేళ్లు గడిచాయి. కింద దగ్గు పెరిగింది. మేడ మీదికి వినిపించేది. నేను కిటికీ వేయించాను.

ఒక ఫిబ్రవరిలో దొరే బయల్దేరి వచ్చాడు. ఉత్తరాల మనిషిని చూడాలట. పొడుగ్గా, ఎర్రగా, మర్యాదగా ఉన్నాడు. నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు. ఆయన్ని గోడౌన్‌లోకి వెళ్లనివ్వకుండా ఉండాలని నేను చేయని ప్రయత్నం లేదు. ఘాటు ఎక్కువన్నాను, పాములున్నాయన్నాను. ఆయన నవ్వి, ముక్కుకి రుమాలు కట్టుకుని దిగాడు.

మస్తాన్ గారు నమస్కారం పెట్టి అన్న మొదటి మాట, "హావ్ యు టేకెన్ యువర్ మీల్స్, సర్?" దొర ఆగిపోయాడు. తర్వాత మస్తాన్ గారు పిడికెడు తేజా రకం కాయలు దొర చెవి దగ్గర పెట్టి నలిపి, వినండి సర్, మంచి కాయ మాట్లాడుతుంది అని ఇంగ్లీషులోనే అన్నారు. దొర పగలబడి నవ్వి, నా వీపు చరిచి, "నువ్వు రాసిన మాట మీ గోడౌన్ దాకా పాకిందే. అన్నట్టు మీ ఆకు పనిచేసింది, నా భార్య మెట్లెక్కుతోంది" అన్నాడు, తన భాషలో, నెమ్మదిగా, స్పష్టంగా.

మస్తాన్ గారికి ప్రతి మాటా అర్థమైంది. అర్థమయ్యేంత ఇంగ్లీషు ఆయనకు నేర్పింది నేనే. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆయన నన్ను చూశారు. దొరకు ఏమీ చెప్పలేదు. దగ్గు వస్తే అటు తిరిగి దగ్గుకున్నారు, అంతే.

దొర కారెక్కాక నా పక్కకొచ్చి నిలబడ్డారు.

"అయితే మాస్టారూ, వావిలాకు నిజంగానే పనిచేసిందన్నమాట."

నేను కారు వెళ్లిన వైపు చూస్తూ నిలబడ్డాను.

ఇక్కడివరకు మీకు నవ్వొచ్చి ఉంటుంది. రానివ్వండి, నాకూ కొన్నిసార్లు వస్తుంది. నేను ఇంతకాలం దాచింది ఇదంతా కాదు. ఇదైతే వయసులో చేసిన వెధవ పని అని ఏ స్నేహితుడికో ఎప్పుడో చెప్పి ఉందును. దాచింది ఆ తర్వాతి సోమవారం.

సోమవారం ఆయన ఎప్పటిలాగే హోంవర్కు తెచ్చారు. దొర క్షేమంగా చేరాడా, అమ్మగారు ఎలా ఉన్నారు, కొత్త కాయ ఎలా దిగుతోంది, అన్నీ రాశారు. అనుకోండి అని నేను అనకముందే రాసుకొచ్చారు. కింద, ఇన్నేళ్లలో మొదటిసారి, సంతకం చేశారు. "పేరు కూడా రాశాను మాస్టారూ. ఉత్తరమన్నాక పేరుండాలి కదా" అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. నన్ను నిలదీయలేదు, ఓనరు గారి దగ్గరికి వెళ్లలేదు. నాకొక దారి వదిలారు. ఉన్నది ఉన్నట్టు టైపు చేస్తే చాలు. ఎవరి ముందూ తల దించుకోనక్కర్లేకుండా తప్పు దానంతటదే సర్దుకునేది.

టైపు చేశాను. ఆఖరి వాక్యం దాకా చేశాను. పేరు దగ్గర నా వేళ్లు ఆగాయి. ఎంతసేపు? ఒక టీ చల్లారేంత సేపు. తర్వాత ఆయన పేరున్న చోట నా పేరు టైపు చేసి పంపాను.

మొదటిసారి అబద్ధమాడినప్పుడు భయం ఉంది, ఆలోచించుకునే వ్యవధి లేదు. ఈసారి వ్యవధి ఉంది, భయం కూడా లేదు. ఆయన ఎవరికీ చెప్పరని నాకు తెలుసు. ఆ ధీమాతోనే చేశాను. దీన్నేమంటారో నాకు ఇంగ్లీషులోనూ తెలియదు, తెలుగులోనూ తెలియదు.

దొర జవాబు వచ్చాక మస్తాన్ గారు మేడెక్కి వచ్చారు, మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంటూ. చూడొచ్చా అన్నారు. ఇచ్చాను. పైన నా పేరుతో మొదలైంది ఆ ఉత్తరం. వేలు పెట్టి ప్రతి మాటా చదివారు. మడత పెట్టి నా బల్ల మీద పెట్టారు.

"నాకింక ఇంగ్లీషు వచ్చేసినట్టే లెండి మాస్టారూ" అని మెట్లు దిగిపోయారు.

మళ్లీ హోంవర్కు తేలేదు. ఆ ఏడు రంజానుకి సేమ్యా రాలేదు. మరుసటి సీజన్‌కి ఆయన ఛాతీ ఇక ఒప్పుకోక వినుకొండ వెళ్లిపోయారు. దొరకు నేనే రాశాను నాలుగైదు ఉత్తరాలు. మీకు ఒంట్లో బాగుందా, మీ రాతలో తేడా కనిపిస్తోంది అని ఆయన అడిగాడు. తర్వాత రాయడం మానేశాడు.

క్షమించమని ఎవరినీ అడగడం లేదు. అడగవలసిన మనిషి ఎక్కడున్నారో తెలుసు, బస్సు తెలుసు, వీధి తెలుసు. వెళ్లలేదు. రేపు వెళ్తానని కూడా మీకు మాటివ్వను, నా మాట విలువెంతో మీకు తెలిసిపోయింది. ఈసారి ఏ కాలేజీ పిలిచినా ఆ ఉత్తరం చదవగలనో లేదో తెలియదు. ఆ సోమవారం కాగితం మాత్రం ఇప్పుడు నా ముందుంది. చేతిరాత, నీలం సిరా. దాని కింద నేను టైపు చేయకుండా వదిలేసిన వరుస ఒకటే.

యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ, మస్తాన్ వలి, గోడౌన్, గుంటూరు.