సొలొమోను సారు సముద్రం

నీళ్లు నిలబడి ఉంటే చూస్తూ ఊరుకోవడం సొలొమోను సారుకు చేతకాదు. ఆయనకున్న పిచ్చి ఇదొక్కటే, కాని ఈ ఒక్కటే పదిమందికి పంచినా మిగులుతుంది. పెళ్లి భోజనంలో నీళ్ల గ్లాసు చేతికిస్తే మూడుసార్లు గిర్రున తిప్పి గాని తాగడు. ఎవరింటికి పోయినా ముందు పెరట్లోకి నడిచి, బకెట్లో చెయ్యి పెట్టి ఓసారి కలిపి, ఆ తడిచేత్తోనే వచ్చి కుర్చీలో కూర్చుని "అందరు మంచిగున్నరా" అని అడుగుతాడు.

కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా ముప్పై ఏళ్లు తూములు ఎత్తించి దించిన మనిషి మరి. రిటైరయ్యాక పారించడానికి నీళ్లు లేక చేతులు దురద పెట్టాయి. సరిగ్గా అప్పుడే భార్య యేసమ్మ కంటి ఆపరేషన్‌కని హైదరాబాద్ పోతే, దవాఖానాలో ఓ గాజు తొట్టి కనబడింది. ఉప్పునీళ్లు, రంగురంగుల చేపలు, రాళ్ల మీద పూలలా విచ్చుకునే పగడాలు. అందరూ చేపల్ని చూస్తుంటే ఈయన డాక్టరును పట్టుకుని, "సారూ, ఎడమదిక్కు మూల సచ్చింది. ఆడికి నీళ్లు పోతలేవు" అన్నాడట. డాక్టరు యేసమ్మను పక్కన కూర్చోబెట్టి ముందు ఈయన కళ్లు పరీక్షించాడట.

మెదక్‌కు సముద్రం వచ్చింది అలాగే. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. దాన్ని మేడమీదికి ఎక్కించినవాళ్లలో కింది పోర్షన్లో కిరాయికుండే రఘుపతి ఒకడు. సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఆ బరువుకు పట్టేసిన భుజం రుద్దుకుంటూ అడిగాడు.

"మనకు సముద్రమెందుకు సారూ?"

"రేపు రాష్ట్రం వస్తదా, రాదా?"

"పక్కా వస్తది."

"వచ్చిందనుకో. సముద్రమంత ఆళ్ల దిక్కే పాయె. మనకంటు ఒకటి ఉండాలె గద. నేను ముందుగాల్నే పెట్టుకున్న."

ఉద్యమం పంచిన కరపత్రాలన్నీ కంఠతా వచ్చిన రఘుపతికి ఈ పాయింటు ఏ కరపత్రంలోనూ దొరకలేదు.

సముద్రమన్నాక అలలుండాలి. వాటికోసం సారు రెండు పవర్‌హెడ్లు తెచ్చాడు. పిడికిలంత మోటార్లు, అద్దానికి లోపలివైపు అతుక్కుని, ముందున్న నీళ్లను ఫ్యాను గాలిని తోసినట్టు తోస్తుంటాయి. వాటిని ఎటు తిప్పాలన్నదే సారు జీవిత సమస్య అయింది. సూటిగా పగడానికి కొడితే దాని మెత్తటి ఒళ్లు చీరుకుపోతుంది. పక్కకు తిప్పితే రాళ్ల వెనక నీళ్లు కదలవు. కదలని చోట చెత్త పేరుతుంది, పాచి పడుతుంది. ఆ చోటుకు సారు పెట్టిన పేరు "సచ్చిన మూల". ఎనిమిది నెలలుగా వెనక బండ పక్కన ఒక సచ్చిన మూల ఆయన్ని వేధిస్తోంది. పొద్దున దండం పెట్టుకునేటప్పుడు దాన్ని కూడా దేవుడికి అప్పజెప్పేవాడు.

తొట్టిలో దానితో వేగుతూనే ఊళ్లో మిగతా మూలలు వెతికేవాడు. సకల జనుల సమ్మె రోజులు. రఘుపతి ఆఫీసుకు తాళం పడి, రోజంతా శిబిరం టెంట్లోనే ఉంటున్నాడు. సారు ఒకరోజు టెంటుకు వచ్చి, ఉపన్యాసం వినకుండా చుట్టూ తిరిగి, "మీ టెంటుకు ఎడమ మూల సచ్చింది" అని తేల్చాడు. తాగేనీళ్ల డ్రమ్మును దొర్లించుకుంటూ పోయి ఆ మూల, మైకు డబ్బాల వెనక పెట్టాడు. దాంతో టెంటంతా నీళ్లకోసం అటు పోవాల్సి వచ్చింది. అక్కడ మొదటిరోజు నుంచీ నోరు విప్పకుండా కూర్చున్న స్వీపరు కిష్టవ్వ అందరికీ అప్పుడు కనబడింది. రెండోరోజుకు మైకు ఆమె చేతిలో ఉంది. ఆమె పాట ఎత్తుకుంటే లీడర్ల ఉపన్యాసాలు వాయిదా పడ్డాయి.

శిబిరం నాయకుడు అమరేందర్ ఈ సముద్రం సంగతి విని మందితో సహా మేడెక్కాడు. చేపల వైపు తిరిగి, గొంతు సవరించుకున్నాడు. "తెలంగాణకు సముద్రం లేదన్నోళ్లకు మెదక్ జవాబు చెప్పింది. ఈ అల ఆగదు."

"ఆగుతది సారూ, జర జరుగుండ్రి. మీరు స్విచ్చుకు ఆనుకున్నరు" అన్నాడు సొలొమోను సారు.

మోటార్లు ఆగి ఉన్న ఆ కాసేపట్లోనే అమరేందర్‌కు ఒక సలహా కూడా దొరికింది. అంతకు ముందురోజే రాందాస్ చౌరస్తాలో రెండు ఊరేగింపులు ఎదురెదురుగా వచ్చి గంటసేపు ఒకదాన్నొకటి చూస్తూ నిలబడ్డాయి. "ఎదురెదురుగ వదిలితె నడుమల ఆగిపోతయి. జర ఏటవాలుగ వదలాలె. అప్పుడు సుడి తిరుగుతయి" అన్నాడు సారు, పవర్‌హెడ్లు చూపిస్తూ. మళ్లీ ఊరేగింపు తీసినప్పుడు అమరేందర్ అలాగే వదిలాడు. జనం చౌరస్తా చుట్టూ రెండు చుట్లు తిరిగారు. లెక్కపెట్టినవాళ్లు ప్రతి మనిషినీ రెండుసార్లు లెక్కపెట్టారు. అంత విజయవంతమైన ఊరేగింపు ఆ సమ్మెలో మళ్లీ జరగలేదు.

ఇంతటి ఉద్యమం నడుపుతున్న రఘుపతికి ఇంట్లో మాత్రం ఏమీ పాలుపోవడం లేదు. తండ్రి పోయాక తల్లి బాలనర్సమ్మను రేగోడ్ నుంచి తెచ్చి ఐదు నెలలైంది. ఆమె బీరువా పక్క మూలలో గోడకు ఆనుకుని కూర్చుంటుంది. రెండు ముద్దలు తింటుంది. ఏమడిగినా "ఊ" అంటుంది. కోడలు యశోద బతిమాలింది, కోప్పడింది, చివరికి ఏడ్చింది; దానికీ "ఊ" అనే అన్నది. ఆమె పూర్తిగా మాట్లాడిన మాట ఒక్కటే, "దసరా ఒడిసినంక రేగోడ్ పోత". అక్కడ తాళం పెట్టిన ఇల్లు తప్ప ఎవరూ లేరు. ఇలా తిండి మాని ఒక్కతే పోతే తల్లి దక్కదని రఘుపతికి భయం. ఆ భయం టెంట్లో నినాదాలిచ్చే నోటితో ఎవరికీ చెప్పుకోలేకపోయాడు.

సమ్మె మూడోవారానికి గనుల్లోంచి బొగ్గు పైకి రాక కరెంటు కోతలు మొదలయ్యాయి. పొద్దున పదకొండు నుంచి రెండింటి దాకా. కరెంటు లేకపోతే పవర్‌హెడ్లు ఆగుతాయి, నీళ్లు నిలబడతాయి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. మొదటిరోజు సొలొమోను సారే మోటారు అయ్యాడు. మగ్గుతో నీళ్లు ముంచి, పైకెత్తి, ధారగా పోసి, మళ్లీ ముంచి, మూడు గంటలు. రెండోరోజు యేసమ్మకు మగ్గు ఇవ్వబోతే, "నేను నిన్ను చేసుకున్న గని సముద్రాన్ని చేసుకోలే" అని చెప్పి వంటింట్లోకి పోయింది.

మూడోరోజు సారు కింది గుమ్మంలో నిలబడ్డాడు. రఘుపతిని కాదు, బీరువా వైపు చూశాడు.

"రఘుపతీ, మీ ఇంట్ల ఒక మూల సచ్చింది."

రఘుపతికి చురుక్కుమంది. "సారూ, గామె మా అమ్మ."

"నేను నీళ్ల సంగతి మాట్లాడుతున్న." ఆయన ఒక అడుగు లోపలికి వేశాడు. "అక్కా, కరెంటు పోయింది. నా చేతులు పడిపోయినయి. నీళ్లు పారించాలె. జర పైకి రాండ్రి."

ఆమె రాదని చెప్పడానికి రఘుపతి నోరు తెరిచాడు.

"ఎన్ని మళ్లకు?" అన్నది బాలనర్సమ్మ.

"ఒక్కటే మడి. నాలుగడుగులు."

ఆమె గోడ పట్టుకుని లేచి, కొంగు నడుముకు చుట్టి, అటకమీది రాగి చెంబు తీసుకుని బయల్దేరింది. పైకి పోయి ఆ చెంబు ముంచబోతే సారు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "రాగి తాకితె పగడాలన్ని సస్తయి అక్కా." ప్లాస్టిక్ మగ్గు చేతికిచ్చాడు. అంత నాజూకు పంట ఆమె ఎన్నడూ చూడలేదు. ముంచి పోస్తూ, పోసిన నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తూ కూర్చుంది. కాసేపటికి అన్నది:

"గా బండ ఎనక నీళ్లు పోతలేవు."

ఎనిమిది నెలల రహస్యం. సారు స్టూలు మీద కూలబడ్డాడు.

"మడికి సూటిగ కొడుతున్నవు సారూ. ఒడ్డుకు కొట్టు. ఒడ్డుకు తాకి మళ్లిన నీళ్లు మూలకు వాటంతటవే పోతయి."

రెండింటికి కరెంటు వచ్చింది. సారు ఒక పవర్‌హెడ్‌ను అద్దం వైపు తిప్పాడు. నీళ్లు అద్దానికి కొట్టుకుని, వెనక్కి మళ్లి, బండ చుట్టూ తిరిగాయి. పాచి తునకలు తునకలుగా లేచి బయటికొచ్చింది. "యేసమ్మా, ముప్పై ఏండ్ల సర్వీసు నాది. గీ ముక్క నాకు తెల్వకపాయె" అన్నాడు సారు. ఆ మధ్యాహ్నం బాలనర్సమ్మ రెండోసారి అన్నం పెట్టించుకుంది. యశోద గిన్నె ఖాళీ చేసి మళ్లీ పొయ్యి వెలిగించింది.

ఆనాటి నుంచి పదకొండింటికల్లా పైనుంచి కేక వినబడేది. "అక్కా, కరెంటు పోయింది." ఆమె పోయేది. మగ్గు ముంచుతూ చేపలకు రేగోడ్ కబుర్లన్నీ చెప్పేది. మొగుడి కోపం, ఎడ్ల రోగం, పక్కపొలం వాడి గెట్టు తగాదా. దసరా వచ్చి పోయింది. రేగోడ్ మాట ఎవరూ ఎత్తలేదు.

తర్వాత సమ్మె ముగిసింది. రఘుపతి ఆఫీసు తెరుచుకుంది, కోతలూ తగ్గాయి. ఒకరోజు మర్చిపోయిన టిఫిన్ డబ్బా కోసం పదకొండున్నరకు ఇంటికొచ్చాడు. నెత్తిమీద ఫ్యాను జోరుగా తిరుగుతోంది. బీరువా మూల ఖాళీగా ఉంది. పైనుంచి తల్లి గొంతు వినబడుతోంది. ఎందుకో అనుమానం వచ్చి మెల్లగా మెట్లెక్కి కిటికీలోంచి చూశాడు.

తల్లి మగ్గుతో నీళ్లు పోస్తూ చేపలకు గెట్టు తగాదా రెండో భాగం చెబుతోంది. సొలొమోను సారు స్విచ్‌బోర్డు దగ్గర నిలబడి ఉన్నాడు. పవర్‌హెడ్ల స్విచ్చు ఆపేసి, దానిమీద వేలు ఉంచి, తొట్టికి వీపు పెట్టి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నిలబడిన నీళ్లు చూడలేక ఆయన మొహం చెమటతో తడిసిపోయింది. రఘుపతి చప్పుడు కాకుండా దిగిపోయాడు. టిఫిన్ డబ్బా మళ్లీ మర్చిపోయాడు.

సాయంత్రం తల్లి పక్కన కూర్చుని నసిగాడు. "అమ్మా, కరెంటు ఇప్పుడు మంచిగనే ఉంటున్నది గద."

"నాకు తెల్వదా బిడ్డా. ఫ్యాను కింద కూసుండే గద ఆయన పిలుపు ఇనేది." బాలనర్సమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "పాపం, ఒక్కడే ఆ నీళ్ల ముందట కూసుంటడు. ఒక మనిషి పోయి మాట్లాడితె ఆయనకు ధైర్యం. నాకు ఎరుకైందని ఆయనకు చెప్పకు, బాధపడుతడు."

మర్నాడు పొద్దున ఆఫీసుకు పోతూ రఘుపతి మెట్ల దగ్గర సారును చూశాడు. వాకిట్లో బకెట్లో చెయ్యి పెట్టి నీళ్లు కలుపుతున్నాడు.

"సారూ, ఇయ్యాల కరెంటు పోతదా?"

సొలొమోను సారు తడిచేతి గడియారం చూసుకున్నాడు. "పదకొండింటికి పోతది."

"మల్ల ఎప్పుడొస్తది?"

"అక్క మాటలు ఒడిసినంక."