నాయన గుర్తుపట్టిన రాయి

ఆ ఏడాది నాకు దొరికిన పని ఇంట్లో కూర్చుని చేసేదే. ఎక్కడో తవ్వకాల్లో ఒక పాత పట్నం బయటపడింది. అక్కడ దొరికిన వస్తువుల ఫొటోలు నా ల్యాప్‌టాప్‌కి వచ్చేవి. ఒక్కోదాని కొలతలు, బరువు, రకం నింపి వెబ్‌సైట్‌లోకి ఎక్కించాలి. కామాటిపురాలో మా ఇల్లంటే ఒక్క ఖోలీ, అంటే ఒకే గది. ఫోరస్ రోడ్ హారన్లు, పక్కింటి టీవీ సరే, వాటికి అలవాటు పడ్డాను. పేజీ సగం నింపాక నెట్ పోతేనే ఏడుపొచ్చేది. మళ్ళీ మొదటి నుంచి నింపాలి.

ఒకరోజు ఒక రాయి వచ్చింది. పైన బెజ్జం, కింద మొన. ముందు చూసినవాళ్ళెవరో 'లాకెట్' అని రాసి పక్కన ప్రశ్నగుర్తు పెట్టారు. వెనక మంచం మీద చాయ్ తాగుతున్న నాయన తొంగిచూశాడు. బతుకంతా ఈ ఊళ్ళో గోడలు కట్టిన మేస్త్రీ ఆయన.

"గది మా గుండు గదా బిడ్డా! దారం కట్టి గోడ పొంటి ఇడిస్తే వంకర తెలుస్తది. ఈడ మరాఠోళ్ళు ఓళంబా అంటరు."

"నీది ఇనుపది కదా నాయనా?"

"ఇనుము లేనప్పుడు రాయితోనే జేస్తరు. బరువెంతుంది?"

"పావుకిలో పైనే."

"మరి గంత బరువు మెడల ఎవరేసుకుంటరు?"

ఫొటో పెద్దది చేసి చూశాను. నిజమే, బెజ్జం ఒక పక్కనే, దారం ఒరుసుకున్నట్టు అరిగింది.

రకాల జాబితాలో గుండు లేదు. అదనపు వివరాల గడిలో రాసి పంపితే 'ఊహలు రాయవద్దు' అని తిప్పికొట్టారు. అరిగిన చోటు చూపించి మళ్ళీ పంపాను. మళ్ళీ తిరిగొచ్చింది. చివరికి పని అప్పగించిన మేడంకి ఫోన్ చేశాను.

"ఇది గుండని మీకెవరు చెప్పారు?" అంది.

"మా నాన్న. మేస్త్రీ."

"ఏదైనా పుస్తకంలో ఉంటే చూపించండి. లేకపోతే జాబితాలో ఉన్నదే నొక్కండి. మీ వల్ల అందరి పనీ ఆగింది."

ఒళ్ళు మండిపోయింది. అయినా 'లాకెట్' అనే నొక్కాను. నిమిషంలో ఆమోదించారు.

వెబ్‌సైట్ తెరిచిన రోజున నాయన మా ఖోలీలన్నీ ఉన్న చాల్‌లో కనబడ్డవాళ్ళందరికీ చెప్పొచ్చాడు, మా బిడ్డ కంప్యూటర్ల మన గుండు ఎక్కించిందని. ఫోన్‌లో ఫొటో చూసి మురిసిపోయాడు.

"కింద ఏం రాసిన్రు?"

ఆయనకి ఇంగ్లీషు రాదు, అబద్ధం చెప్పొచ్చు. నోరు రాలేదు.

"లాకెట్ అని."

"ఎవరు రాసిన్రు?"

"నేనే నాయనా."

తిట్టినా బాగుండేది. ఫోన్ నా చేతిలో పెట్టి, చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు.

తప్పు దిద్దమని ఇప్పటికి నాలుగుసార్లు అర్జీ పెట్టాను. 'పరిశీలనలో ఉంది' అన్న ఒక్క ముక్కే జవాబు. రోజూ పొద్దున్నే ఆ పేజీ తెరుస్తాను. ఆ రాయి ఇంకా నగల వరుసలోనే ఉంది.