పిల్లి కళ్ళు

మా సరస్సు ఒడ్డు ఊళ్ళో పట్టు మీద పిల్లిని కుట్టేటప్పుడు, ఒంటి మీది బొచ్చు ఇంట్లో ఎవరు కుట్టినా ఫర్వాలేదు. కళ్ళు మాత్రం ఇంటి పెద్ద చెయ్యే కుట్టాలి. మా పక్కింటి పెయ్‌యిన్ పిన్ని ఆ కళ్ళకే పేరుపడ్డ మనిషి. దారాన్ని ముప్ఫై రెండు పోగులుగా చీల్చి, ముందూ వెనకా ఒకేలా కనిపించేటట్టు కుట్టేది. చేతిలో ఉన్న మెత్తదనం నోట్లో ఉండేది కాదు.

అరవై ఎనిమిదో ఏట ఆవిడ కళ్ళకు శుక్లాలు వచ్చాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ వసంతంలో కుట్టిన పిల్లికి మెల్లకన్ను వచ్చింది. అత్త పరువు పోతుందని కోడలు లాన్‌ఫెన్, ఆవిడ బజారుకు వెళ్ళినప్పుడల్లా కూర్చుని, ఆ కళ్ళు విప్పి మళ్ళీ కుట్టింది. మసక చూపుకు అది ఆనలేదు.

నాకు నోటిదూల. చూసి ఊరుకోవచ్చుగా.

"పిన్నీ, ఇవి నీ పాత పిల్లుల కళ్ళకంటే బాగున్నాయే. ముసలితనంలో చెయ్యి తిరిగిందా ఏంటి?" అన్నాను.

పిన్ని ముఖం మాడిపోయింది. తను ఎలా కుట్టిందో తనకు తెలియదా?

"నా పిల్లిని ఎవరు ముట్టుకున్నారే?"

"నేనే అత్తయ్యా. కొంచెం సరిచేశా, అంతే," అంది లాన్‌ఫెన్.

"నన్ను సరిచేసేంత దానివయ్యావా? నేనింకా చావలేదు."

కత్తెర తీసుకుని రెండు కళ్ళూ తెంపేసింది. లాన్‌ఫెన్ మర్నాటి నుంచి నూడుల్స్ దుకాణంలో గిన్నెలు తోమడానికి పోయింది. చెయ్యి గరుకెక్కుతుందని పట్టు కుట్టే ఆడది మా ఊళ్ళో ఇంటి అంట్లు కూడా తోమదు, ఆ పని మగవాళ్ళది. అది తెలిసే పోయింది.

మూడేళ్ళకు పిన్ని ఆపరేషన్ చేయించుకుంది. చూపు రాగానే ఆ పిల్లిని పెట్టెలోంచి తీసి, తెగిన పోగులను చాలాసేపు చూసింది.

"దారాన్ని అరవై నాలుగుగా చీల్చిందే," అంది నాతో. "నావల్ల ఏనాడూ కాలేదు." ఆవిడ ఏడవగా చూడటం నాకదే మొదలు.

కోడలు దుకాణం నుంచి రాగానే పిన్ని కుట్టు చట్రం ముందు కుర్చీ వేసింది. "తప్పు నాదేనమ్మా. ఈ కళ్ళు ఇక నువ్వే కుట్టాలి," అంది.

లాన్‌ఫెన్ చేతులు తుడుచుకుని కూర్చుంది. చీల్చిన పోగు ఆమె వేలి పగుళ్ళకు చిక్కి తెగింది. ఇంకోటి తీసింది. అదీ తెగింది.

"మొదటి ఏడాదంతా, నువ్వు పిలుస్తావేమోనని రోజూ చేతులకు నూనె రాసుకునేదాన్ని అత్తయ్యా," అంది. "తర్వాత మానేశాను."