తీగ పెట్టి చూశావా

ఆమెకు నలభై రెండేళ్ళు వచ్చినా ఇంట్లో ఇంకా చెక్కపిల్లే. ఆ పేరు పెట్టింది వదిన. బంగారం కొట్టులో పదకొండేళ్ళు నగలకు మెరుగు పెట్టి, ఒకనాడు ఉన్నట్టుండి పని మానేసి వచ్చి, ఇకమీద చెక్కతో నగలు చేసుకుని బతుకుతానంది. అన్నయ్య నెలకు ఎంత జీతం పోతుందో లెక్కేశాడు. వదిన మాత్రం పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, "బంగారం వదిలేసి చెక్క పట్టుకుందండీ మా చెక్కపిల్ల" అంది. నవ్వితే నవ్వింది గానీ, మర్నాడే తన మిషన్ గది తాళంచెవికి జోడీ చేయించి ఆమె చేతిలో పెట్టింది. వదిన అలాంటి మనిషి.

వదినది లేజర్ కోత కొట్టు. ఇంటి ముందు గదే కొట్టు. గుమ్మాలకు తగిలించే పేరు పలకలు, రబ్బరు ముద్రలు, పందేల్లో గెలిచినవాళ్ళకిచ్చే బహుమతులు, అన్నీ అక్కడే తయారవుతాయి. మిషన్ అంటే మంచమంత పెట్టె. పైన గాజు మూత, లోపల పట్టాల మీద అటూ ఇటూ పరుగెత్తే చిన్న తల. కంప్యూటర్‌లో ఏ గీత గీస్తే ఆ గీత వెంబడే కంటికి కనపడని వెలుగు కాల్చుకుంటూ పోతుంది. అన్నయ్య లారీ మీద నెలకు ఇరవై రోజులు ఊళ్ళు తిరుగుతుంటాడు కాబట్టి ఆ గదికి రాణీ, బంటూ కూడా వదినే.

చెక్కపిల్ల చేసిన మొదటి గొలుసు చేతిలోకి తీసుకోగానే ముక్కలు ముక్కలుగా రాలిపోయింది. ఒకదాంట్లో ఒకటి బిగుసుకోవాల్సిన కొక్కేలన్నీ వదులయ్యాయి. ఏడుపు మొహం పెట్టి కూర్చుంటే వదిన వచ్చి చూసి, "వెలుగు కూడా కమీషన్ తీసుకుంటుందే. కోసిన చోటల్లా వెంట్రుకవాసి తినేస్తుంది. దాని వాటా దానికి వదిలి గీయి" అని చెప్పింది. అప్పటినుంచి చేతికి పని పట్టుబడింది. పలచటి చెక్కతో ఈకల్లాంటి కమ్మలు, కొబ్బరి చిప్పతో పతకాలు, రంగు ప్లాస్టిక్ పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంగరాలు చేసింది. కాలిన అంచు మసి చెవికి అంటుకోకుండా గరుకు కాగితంతో రుద్ది, మైనం రాసి, గుడ్డతో తుడిచి, తన చెవికే పెట్టుకుని ఒక రోజంతా తిరిగి చూసిగానీ అమ్మేది కాదు. పనిలో అంత నిక్కచ్చి మనిషి. అందుకే, ఆ తర్వాత ఆమె చేసిన పని తలచుకుంటే, చెబుతున్న నాకే ఇంత ఒళ్ళుమంట.

ఆ గదిలో ఒకే ఒక్క చట్టం ఉండేది. కొన్ని ప్లాస్టిక్కులు లేజరు కింద పడితే వచ్చేది పొగ కాదు, విషం. ఊపిరితిత్తుల్ని కొరుకుతుంది, ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. పైకి మంచిదీ చెడ్డదీ ఒకేలా కనిపిస్తాయి. అందుకని కొత్త సరుకు ఏది వచ్చినా, రాగితీగను స్టవ్వు మంటలో ఎర్రగా కాల్చి, ఆ సరుకుకు ఆనించి, మళ్ళీ మంటలో పెట్టాలి. మంట ఆకుపచ్చగా మారిందా, ఆ సరుకు మిషన్ ఎక్కకూడదు. మొత్తం అర నిమిషం పని. వదిన పలకరింపే అది. ఎవరైనా చేతిలో షీటుతో గుమ్మంలో కనపడితే చాలు, బాగున్నావా అని కాదు, "తీగ పెట్టి చూశావా?" అని అడిగేది.

చేతిపనివాళ్ళ ప్రదర్శనలో ఆమెకు మొదటిసారి సొంత బల్ల ఇచ్చారు. ఇంక రెండు రోజులుందనగా, మెడను పట్టి ఉండే, జాలీలా చిల్లుల పని చేసిన నల్లటి తోలు కంఠాభరణాలు చెయ్యాలని మనసు పడింది. సంచులు కుట్టే అతని దగ్గర మిగిలిన నల్ల తోలు చుట్ట ఒకటి దొరికింది. "అసలు తోలేనమ్మా" అన్నాడతను. తాకితే వెన్నలా ఉంది. వెనక్కి తిప్పింది. వెనక సన్నటి గుడ్డ అతికించి ఉంది. తోలుకు వెనక గుడ్డెందుకుంటుంది? పదకొండేళ్ళు బంగారం కొట్టులో ఉన్న మనిషికి అసలేదో నకిలీ ఏదో ఒకరు చెప్పాలా? లైనింగ్ వేసుంటారులే అని తనకు తనే నచ్చజెప్పుకుంది.

"తీగ పెట్టి చూశావా?"

"చూశాను వదినా."

అంతే. ఒక్క మాట. స్టవ్వు పక్క గదిలోనే ఉంది, తీగ మేకుకు వేలాడుతూనే ఉంది. బద్ధకమని కూడా అనలేం. పచ్చ మంట వస్తే ఏం చెయ్యాలో తెలియక చూడలేదు, అదీ సంగతి.

ఆ రోజు వదినకు జలుబు. మిషన్ నడుపుతూ కాసేపటికి, "నా ముక్కు పనిచెయ్యట్లేదే, వాసనెలా ఉంది?" అని అడిగింది. చెక్కపిల్ల ఫోను చెవిన పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. గది లోంచి గొంతు పట్టేసే ఘాటు వస్తోంది, బాత్రూము కడిగే యాసిడ్ సీసా మూత తీసినట్టు. తోలు కాలితే ఆ వాసన రాదని ఆమెకు తెలుసు.

"వెంట్రుకలు కాలినట్టుంది వదినా. తోలే కదా" అంది. కొక్కేలు కొనుక్కొస్తానని చెప్పి వీధిలోకి వెళ్ళిపోయింది.

తిరిగొచ్చేసరికి గంటన్నర. జాలీ మరీ సన్నం కావడంతో ముక్కలు అంటుకుపోతుంటే, వదిన మాటిమాటికీ మూత తెరిచి, పొగలోకి వంగి, చిన్న పట్టకారుతో ఒక్కొక్కటీ పీకి తీసింది. తొమ్మిది ఆభరణాలు, ఒక్క గీత చెడకుండా. "మెడ నొప్పి పుట్టింది గానీ బాగొచ్చాయే" అని కళ్ళు తుడుచుకుంది. కళ్ళు జలుబుకు నీళ్ళు కారుతున్నాయనుకుంది.

తొమ్మిదీ ప్రదర్శన మొదటి రోజే అమ్ముడుపోయాయి. ఒకావిడైతే మెడకు పెట్టుకున్నది తియ్యనని, అలాగే ఇంటికెళ్ళిపోయింది. సరిగ్గా ఆ మధ్యాహ్నమే వదినను ఆసుపత్రిలో చేర్చారు. దగ్గు ఆగలేదు, ఊపిరి ఆడలేదు, రెండు రోజులు ముక్కుకు గొట్టం పెట్టారు. ఏదైనా పొగ పీల్చారా అని డాక్టరు అడిగితే, "పొగ లేని రోజేదండీ నాకు" అంది వదిన. వీధి చివరి నుంచి పిలిస్తే వినపడే గొంతు, ఇంటికొచ్చాక పక్క మనిషికి కూడా వినపడకుండా పోయింది. పది మెట్లెక్కితే కూర్చోవాలి. నెలలు పడుతుందన్నారు, మునుపటంత అవుతుందని మాత్రం అనలేదు.

పది రోజులకు మిషన్ పట్టాలు ఎర్రగా తుప్పుపట్టాయి. బాగుచెయ్యడానికొచ్చిన మెకానిక్ చూడగానే, "దీంట్లో కొయ్యకూడని ప్లాస్టిక్ ఏదో కోశారు" అని తేల్చేశాడు. వదిన మంచం మీదే ఆలోచించింది. తీగ పెట్టకుండా మిషన్ ఎక్కే సరుకు ఆ ఇంట్లో ఒక్కటే. షీట్ల పెద్దాయన అని అందరూ పిలిచే వ్యాపారి పంపే తెల్ల ప్లాస్టిక్ షీట్లు. పాతికేళ్ళ నమ్మకం, పరీక్ష ఎందుకని. పోనీ ఇప్పుడు చూద్దామంటే ఆ సరుకంతా అప్పటికే పేరు పలకలై జనం గుమ్మాలకెక్కింది. వదిన ఆటో ఎక్కి ఆయన కొట్టుకు వెళ్ళి, నలుగురిలో, ఉన్న ఆ కాస్త గొంతుతోనే కడిగేసింది. "నా సరుకు అలాంటిది కాదమ్మా" అన్నాడట పెద్దాయన. వారం తిరిగేలోగా మరో మూడు కొట్లవాళ్ళు ఆయన దగ్గర కొనడం మానేశారు.

ఇదంతా జరుగుతుంటే మన చెక్కపిల్ల ఏం చేస్తోందంటారా? తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని సేవలు చేస్తోంది. వంట ఆమే, బట్టలు ఆమే, మందులు వేళకు అందించేదీ ఆమే. "కూతురున్నా ఇంత చెయ్యదే" అని వదిన చెయ్యి నిమిరితే, ఆ చెయ్యి లాక్కుని వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి ఏడ్చేది. ఒకసారి ధైర్యం చేసి, "వదినా, ఆ రోజు ఆ నల్ల తోలు..." అని మొదలుపెట్టింది. "మళ్ళీ చేద్దాంలే, నన్ను లేవనీ. అంత బాగా పోయాయటగా" అని వదిన నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గేసరికి చెక్కపిల్ల వేడినీళ్ళు తెస్తానని లేచిపోయింది. ఆ తర్వాత ఆమె నగల పని జోలికి పోలేదు, పట్టకారు ముట్టుకోలేదు. మెడ మీద ఆ నల్ల జాలీ వేసుకున్న ఆడవాళ్ళు కలలోకి వచ్చేవారు, అందరూ దగ్గుతూ.

ఒక ఉదయం షీట్ల పెద్దాయనే గుమ్మం ముందు నిలబడ్డాడు. చేతి సంచిలో తెల్ల ముక్కలు, రాగితీగ, చిన్న దీపం. ఎండలో నడిచొచ్చినట్టుంది, చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఒక్కసారి మీ వదినగారి కళ్ళముందు కాల్చి చూపిస్తానమ్మా. పచ్చ మంట వస్తే రేపే కొట్టు మూసుకుంటాను" అన్నాడు.

లోపలి నుంచి వదిన, "ఇప్పుడు మంచి ముక్కలే తెస్తాడు, పంపించెయ్" అంది, గాలి ఎక్కువా మాట తక్కువా.

"ఆవిడకు బాలేదండీ" అంది చెక్కపిల్ల.

"మీరైనా చెప్పండమ్మా. మీరు ఆ గదిలోనే ఉంటారు కదా. నా సరుకు మీకు తెలీదా?"

తెలుసు. ఈ భూమ్మీద అందరికంటే ఆమెకే బాగా తెలుసు. తెలిసే తలుపు వేసింది. గడియ పెట్టి అక్కడే నిలబడింది. ఆయన వెంటనే వెళ్ళలేదు. మెట్టు మీద దీపం పెట్టి సర్దుకుంటున్న చప్పుడు వినపడింది, తర్వాత చెప్పుల చప్పుడు. ఇంకొక్క నిమిషం నోరు మూసుకుంటే తను మనిషినే కానని ఆమెకు అనిపించింది. మంచం దగ్గరికి వెళ్ళి నేల మీద కూలబడింది.

"వదినా, ఆయన కాదు. నా తోలు. అది తోలు కాదు, ప్లాస్టిక్. నేను తీగ పెట్టలేదు."

వదిన కిటికీ వైపు చూస్తూ ఊపిరి తీసుకుంటూ ఉంది. ఆ ఊపిరిలో ఈల వినపడుతోంది.

"వాసన అడిగానే" అంది చివరికి. "అప్పుడు?"

"అప్పటికి తెలుసు."

తిడుతుందని చెక్కపిల్ల ఎదురు చూసింది. కొట్టినా బాగుండేది. వదిన మంచం దిగి, చెప్పుల్లో కాళ్ళు పెట్టి, "పద" అంది. ఆటో పిలుస్తానంటే వద్దని చెయ్యి ఊపింది. కొట్టు నాలుగు వీధుల అవతల. మూడు చోట్ల ఆగింది, ఒకచోట కరెంటు స్తంభం పట్టుకుని, ఒకచోట ఎవరిదో అరుగు మీద కూర్చుని, ఒకచోట ఊరికే నడిరోడ్డు మీద. చెక్కపిల్ల చెయ్యి అందిస్తే పట్టుకోలేదు.

కొట్లో పెద్దాయన సంచిలోని తెల్ల ముక్కలు బల్ల మీద పెడుతున్నాడు. ఇద్దరు కొనుగోలుదార్లు, పక్క కొట్టతను చూస్తున్నారు. వదిన బల్లకు ఆనుకుని, గొంతు కూడదీసుకుంది. వాళ్ళందరికీ వినపడాలని గట్టిగానే ప్రయత్నించింది.

"మీ సరుకులో లోపం లేదండీ. తప్పు మాది."

మాది అంది. దీనిది అని వేలు చూపలేదు, పక్కకు తిరిగి చూడను కూడా లేదు. పొగ మింగిందీ తనే, గొంతు పోగొట్టుకుందీ తనే, ఇప్పుడు నలుగురిలో తప్పులో వాటా తీసుకుంటున్నదీ తనే. చెక్కపిల్ల ఊరుకుంటే సరిపోయేది. ఇంటి పరువు ఇంట్లోనే ఉండేది, ఎవరూ రెండో మాట అడిగేవాళ్ళు కాదు.

"మాది కాదండీ" అంది. "నాది. మా వదినకు రెండుసార్లు అబద్ధం చెప్పాను. పొద్దున్న మీ మొహం మీద తలుపు వేసింది కూడా నేనే."

పెద్దాయన ఆమెనూ, వదిననూ మార్చి మార్చి చూశాడు. తర్వాత లోపలికెళ్ళి కుర్చీ తెచ్చి వదినకు వేసి, మంచినీళ్ళిచ్చాడు. చెక్కపిల్లను ఎవరూ కూర్చోమనలేదు. ఆమె నిలబడే, సంచుల కొట్టు దగ్గర మొదలుపెట్టి, అందరూ వింటుండగా మొత్తం చెప్పింది.