తల ఎత్తకుండా ఆడిన మ్యాచ్

తల ఎత్తితే కంప్యూటర్ ఆపేస్తానని మొదటిరోజే చెప్పేశాడు అన్న. చంటిపిల్లలను బెదిరించే మాట అది. అయినా ముప్పై ఎనిమిదేళ్ల తమ్ముడు తొమ్మిది రోజులుగా ఆ మాటకు లొంగే ఉన్నాడు. పూర్తిగా లొంగాడని అనలేం. మూడోరోజు ఒకసారి, ఆరోరోజు ఇంకోసారి, గదిలో ఎవరూ లేని సమయం చూసి లేచి కూర్చున్నాడు. రెండోసారి భార్య చూసింది. అరవలేదు, తిట్టలేదు. గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది.

తమ్ముడు సిటీ బస్సు డ్రైవరు. కుడికంటి వెనక పొర ఊడిపోతే ఆపరేషన్ చేసి, లోపల గాలిబుడగ పెట్టి పంపారు. గాలి పైకే తేలుతుంది కాబట్టి, ఆ బుడగ పొరను అదిమి పట్టాలంటే మనిషి ముఖం నేలవైపు ఉండాలి. తిండికి, స్నానాల గదికి తప్ప పది రోజులూ బోర్లా పడుకోవాల్సిందే. స్కూటర్ ట్యూబులో సగం గాలి కొట్టి, తువ్వాలు చుట్టి, మంచం చివర కట్టి, అందులో ముఖం పెట్టి పడుకోబెట్టారు. కింద అతనికి కనిపించేది రెండు గచ్చుపలకలు, వాటి మధ్య ఒక పగులు. తెర మీది బొమ్మలు చూడకూడదన్నాడు డాక్టరు. ఒక కన్ను బంతి వెంట పరుగెడితే రెండోది ఊరుకోదట, అదీ పరుగెడుతుందట.

రేపు పొద్దున తొమ్మిదింటికి పరీక్ష. కన్ను నిలిస్తే మళ్లీ స్టీరింగు పట్టుకుంటాడు. నిలవకపోతే డిపోలో ఏదో ఒక మూల కుర్చీ చూపిస్తారు. పద్దెనిమిదేళ్లు బస్సు నడిపిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టడమంటే కాళ్లు విరిచినంత పని.

అన్న ఉద్యోగం కూడా ఆ డిపోలోనే. ఏ బస్సు ఎప్పుడు కదలాలో రేడియోలో చెప్పే కంట్రోలరు. ఆచితూచి అడుగేసే రకం. డిపోలో పది బస్సులుంటే తొమ్మిదే ఉన్నాయని చెప్పి, పదోది షెడ్డులో దాచుకుంటాడు. మబ్బు పట్టకపోయినా గొడుగు తెచ్చుకుంటాడని డ్రైవర్లు నవ్వుకుంటారు. ఆ నవ్వు ఆయనకూ తెలుసు, లెక్కచేయడు.

ఫుట్‌బాల్ జట్టును నడిపే ఆ కంప్యూటర్ ఆట తమ్ముడిది. ఇందులో మనం బంతి తన్నం. ఎవరిని ఆడించాలి, ఎలా ఆడించాలి అని చెప్పి, కూర్చుని చూస్తాం. అట్టడుగు లీగులో ఉన్న అనామక జట్టును పట్టుకుని పదకొండు సీజన్లలో పైలీగుకు చేర్చాడు తమ్ముడు. పడుకున్నవాడిని కదలకుండా ఉంచడానికి అన్నకు ఇంతకంటే మంచి ఉపాయం దొరకలేదు. అన్న తెర ముందు కూర్చుని జరిగేది చెబుతుంటే, తమ్ముడు ట్యూబులోంచి సలహాలిస్తాడు.

కాకపోతే అన్న చేతిలో పడ్డాక జట్టు గెలవడం మరిచిపోయింది. బంతి పోగానే పదిమందినీ తీసుకొచ్చి గోలు ముందు నిలబెట్టేవాడు. ఏడు మ్యాచ్‌లలో నాలుగు ఓటములు, మూడు డ్రాలు. ఇవాళ మధ్యాహ్నం క్లబ్బు యాజమాన్యం నోటీసు పంపింది. ఈ మ్యాచ్ గెలవకపోతే మేనేజర్‌ను తీసేస్తారట. బొమ్మ ఆటలో బొమ్మ నోటీసే. కానీ అది చదువుతుంటే అన్నకు నిజంగానే చెమట పట్టింది. జట్టు పోతే ఇవాళ సాయంత్రం నుంచి రేపు పొద్దున దాకా వీణ్ణి ఈ మంచానికి అంటిపెట్టేది ఏముంది?

తమ్ముడికి మాత్రం తొణుకూ బెణుకూ లేదు. ఇవాళ ప్రెస్సింగ్ ఆడాలన్నాడు. బంతి పోయిన చోటే, వాళ్ల గోలు దగ్గరే, మీద పడి లాక్కోవాలి. మన గోలు దాకా వచ్చాక చూద్దామంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని విసుక్కున్నాడు.

ఒక్కొక్కటే చెబుతుంటే అన్న ఒక్కొక్కటే నొక్కాడు. ముందున్న ముగ్గురూ వాళ్ల గోల్‌కీపర్ మీదికి దూకాలి. కీపర్ దగ్గరివాళ్లకు బంతి అందించకుండా అడ్డం నిలవాలి. ఒత్తిడి పూర్తిగా పెంచాలి. అరవయ్యో నిమిషానికి కాళ్లు లాగేస్తాయి కాబట్టి ముగ్గురు కొత్తవాళ్లు సిద్ధంగా ఉండాలి. చివరిగా డిఫెన్స్ లైన్, అంటే వెనకవాళ్ల వరుస. దాన్ని దాదాపు మధ్యగీత దాకా జరపాలి.

అక్కడ అన్న చెయ్యి ఆగింది. ఆ వరుస మధ్యలో ఉన్నవాడికి తమ్ముడు తాతయ్య అని పేరు పెట్టుకున్నాడు. ముప్పై ఆరేళ్లు, వేగం ఇరవైకి ఆరు. వాణ్ణి అంత ముందుకు తోస్తే వెనక మైదానం సగం ఖాళీ. ఒక్క బంతి వాడి తల దాటితే ఇక కొంప మునిగినట్టే. అన్న లైన్‌ను పైకి జరిపాడు, చూశాడు, మళ్లీ ఉన్నచోటికే దించాడు.

"లైన్ పైకి పెట్టావా?"

"పెట్టాను."

అలవాటైన గొంతుతోనే అన్నాడు. మ్యాచ్ మొదలైంది.

మొదటి అరగంట బాగానే గడిచింది. ముందువాళ్లు తరుముతుంటే అవతలి కీపర్ రెండుసార్లు బంతిని గ్యాలరీలోకి తన్నాడు. అన్న చెబుతుంటే తమ్ముడి వీపు నవ్వుతో కదిలింది. తరవాత అవతలి పదో నంబరువాడు మధ్యలో బంతి అందుకోవడం మొదలుపెట్టాడు. తాపీగా అందుకుని, తాపీగా తిరిగి, ఎవరికివ్వాలో చూసుకుని మరీ ఇస్తున్నాడు. నలభై ఒకటో నిమిషంలో అలాగే తిరిగి తనే కొట్టాడు. సున్నా ఒకటి.

గోలు పడిందని అన్న దాచలేదు. దాచింది దాని కారణం.

"వాడు బంతి ఎక్కడ అందుకున్నాడు?" అని అడిగాడు తమ్ముడు.

మధ్యగీతకు కొంచెం ఇవతల అని చెప్పాడు అన్న. అప్పుడు తాతయ్య ఎంత దూరంలో ఉన్నాడని మళ్లీ ప్రశ్న. అన్న తెరవైపు చూస్తూ తడుముకున్నాడు. కొంచెం దూరంలోనే అన్నాడు.

"లైన్ పైనుంటే తాతయ్య వాడి మెడ మీదే ఉండాలి కదా. వాడు తాపీగా ఎలా తిరిగాడు?" తమ్ముడి రెండు చేతులూ మంచంపట్టీని పట్టుకున్నాయి. "ముందు బస్సులు వదిలేసి వెనక బస్సు షెడ్డులో దాచావు, కదూ? మధ్య స్టాపుల్లో జనాన్ని ఎవడెక్కించుకుంటాడు?"

అంటూనే తల లేపాడు. ముఖానికీ ట్యూబుకీ మధ్య జానెడు వెలుతురు కనిపించింది. అన్న ఆట ఆపి, కుర్చీ తన్నేసి, అరచేత్తో అతని తల వెనక అదిమి పట్టాడు. గట్టిగా నొక్కాలంటే భయం, వదలాలంటే భయం.

"దించరా, దించు. లైన్ పెట్టలేదు. అబద్ధం చెప్పాను. పడుకో."

తల దిగింది. కానీ మెడ బిగుసుకునే ఉంది. ఆ బిగువు అన్న అరచేతికి తెలుస్తోంది. ట్యూబులోంచి మాట వచ్చింది.

"ఇదే దాచావంటే, డాక్టర్ చెప్పింది ఇంకెంత దాచావో. నిజం చెప్పు అన్నయ్యా. నా కన్ను అప్పుడే పోయింది కదా? కొన్నాళ్లు ఆశ ఉండనీ అని మీ ఇద్దరూ కలిసి నన్ను పడుకోబెట్టారు. నేను లేచిన రెండుసార్లూ ఎందుకు లేచాననుకున్నావు? కనిపిస్తుందో లేదో చూసుకుందామని."

మంచినీళ్ల గ్లాసుతో వచ్చిన మరదలు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆపరేషన్ రోజున ఆసుపత్రి వరండాలో డాక్టరు చెప్పిన మాట విన్నది వాళ్లిద్దరే. వింటే వీడు బెంగ పెట్టుకుంటాడని, తగ్గిపోతుందన్నారని చెబుదామని వాళ్లే అనుకున్నారు. ఆ ఆలోచన అన్నదే. షెడ్డులో బస్సు దాచే బుద్ధి ఇంట్లోనూ ఊరుకోలేదు.

ఆయన గొంతు ఇప్పుడు రేడియోలో గొంతులా లేదు. తడబడింది.

"పోలేదురా. పోయిందని ఎవరూ అనలేదు. సగం సగం అన్నాడు. కదలకుండా పడుకుంటే సగం అవకాశం ఉంది, కదిలితే అదీ ఉండదు అన్నాడు. మేం నీతో తప్పకుండా తగ్గుతుందన్నాడని చెప్పాం. అంతే. ఇంతకు మించి నా దగ్గర ఏమీ లేదు."

ఇప్పుడు తమ్ముడు లేస్తే, రెండు చేతులా పట్టుకున్నా ఆపలేనని అన్నకు తెలుసు. అరచేతి కింద మెడ మెల్లగా సడలింది. ముఖం ట్యూబులోకి ఇంకాస్త లోపలికి దిగింది.

"సగం ఉందని ముందే చెప్పి ఉంటే, ఆ రెండుసార్లు లేచేవాణ్ణి కాదు."

ఆ రెండుసార్లలో ఏం పోయిందో రేపు తొమ్మిది దాకా తెలియదు. మరదలు గోడవైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్న తన చేతిని తమ్ముడి తల మీదే ఉంచాడు.

"ఆట మొదలుపెట్టు," అన్నాడు తమ్ముడు. "లైన్ పైకి పెట్టు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

అన్న లైన్‌ను మధ్యగీత దాకా జరిపాడు. ఈసారి ప్రతిదీ చెప్పాడు. తాతయ్య పదో నంబరువాడి వీపుకు అతుక్కున్నాడని చెప్పాడు, వెనక మైదానం ఎంత ఖాళీగా ఉందో చెప్పాడు, తనకు ఎంత భయంగా ఉందో కూడా చెప్పాడు. అరవై ఎనిమిదో నిమిషంలో అవతలి కీపర్ కాళ్ల దగ్గరే మనవాళ్లు బంతి లాక్కుని గోలు కొట్టారు. తమ్ముడి పిడికిలి బిగిసింది, తల కదల్లేదు. ఎనభై ఏడులో బంతి తాతయ్య తల మీదుగా పోయింది. అవతలివాడు ఒక్కడే పరుగెత్తుతున్నాడు, మనవాళ్లెవరూ అందడం లేదు, కొట్టాడు, గోలుకర్రకు తగిలి బయటికి పోయింది అని అన్న ఊపిరి తీయకుండా చెప్పాడు. అప్పుడూ తల కదల్లేదు.

ఒకటి ఒకటితో మ్యాచ్ ముగిసింది. తెర మీద యాజమాన్యం ఉత్తరం వచ్చింది. ఒక్క మాట మింగకుండా మొత్తం చదివాడు అన్న.

"తీసేశారురా."

"సరే," అన్నాడు తమ్ముడు ట్యూబులోంచి. "ఎంతయింది?"

"ఆరున్నర."

"ఇంకా పద్నాలుగున్నర గంటలు. నువ్వెళ్లి భోంచెయ్యి. నేను లేవను."

తొమ్మిది రోజుల్లో మొదటిసారి అన్న కంప్యూటర్ కట్టేసి, కాపలాకు మరదలిని కూడా కూర్చోమనకుండా, గది బయటికి నడిచాడు. వెనక్కి తిరిగి చూడలేదు.